బాయి గాలి, పొయ్యి గాలి

భూమి కింద పనిచేసే ఒక్కో మనిషికీ నిమిషానికి కనీసం 6 ఘనపు మీటర్ల గాలి అందాలి. ఆ గాలిలో ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు, బొగ్గుపులుసు వాయువు 0.5 శాతానికి మించకూడదు. ఇవి 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు పెట్టిన కొలతలు. 2017లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. కానీ బాయిలో గాలిని కొలవాలి, కొలిచింది రాసిపెట్టాలి, దానికి ఒక అధికారి బాధ్యత వహించాలి అన్న సూత్రం మారలేదు. ఫ్యాను ఆగితే మనుషుల్ని బయటికి తేవాలి.

మందమర్రిలో పుట్టి పెరిగినవాళ్లకు ఈ సంగతులు నిబంధనల పుస్తకం చదవకుండానే తెలుస్తాయి. రెండో షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మగవాళ్లు అన్నం ముందు కూర్చుని చెప్పే మాటల్లో సగం గాలి గురించే. ఏ లెవెల్‌లో గాలి ఆడుతున్నది, ఎక్కడ ఉక్కపోస్తున్నది, సర్దార్ ఏమన్నాడు, ఓవర్‌మన్ ఏమన్నాడు. అన్నం వడ్డిస్తున్న ఆడమనిషి ఆ మాటలు వింటూ ఉంటుంది. ఆమె వెనక పొయ్యిలో కాలుతున్నది అదే బాయి నుంచి వచ్చిన బొగ్గు. ఆ పొయ్యి దగ్గరి గాలికి మాత్రం ఏ చట్టంలోనూ కొలత లేదు. ఏ రిజిస్టర్‌లోనూ దానికొక గడి లేదు.

ఇంట్లో గాలిని శుభ్రంగా ఉంచుకోవడం గురించి పత్రికల ఆరోగ్య పేజీల్లో చిట్కాలు చాలా వస్తుంటాయి. వాటితో నాకు పేచీ లేదు. అయితే ఈ విషయాన్ని చిట్కాల దగ్గర వదిలేస్తే దాని చరిత్ర మన చేతికి అందదు. ఏది పనిగా లెక్కకొచ్చిందో ఆ పని జరిగే చోటి గాలే లెక్కకొచ్చింది. వంట పని కాదన్నారు కాబట్టి వంటింటి గాలి గాలే కాకుండా పోయింది. బొగ్గు పట్టణాల్లో ఈ తేడా మరెక్కడా లేనంత స్పష్టంగా కనిపిస్తుంది. ఎందుకంటే అక్కడ బాయిలోనూ వంటింట్లోనూ ఉన్నది ఒకే బొగ్గు.

1871లో యెల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకం హక్కులు సంపాదించింది. అదే 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. 1920ల్లో తవ్వకాలు గోదావరి దాటి బెల్లంపల్లి వైపు సాగాయి. తర్వాతి దశాబ్దాల్లో మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్, గోదావరిఖని ఒక్కొక్కటిగా బొగ్గు ఊళ్లయ్యాయి. కాజీపేట-బల్లార్షా రైలుమార్గం పక్కన, మంచిర్యాలకూ బెల్లంపల్లికీ నడుమ ఉన్న పాత పల్లె మందమర్రి కూడా ఇలాగే కల్యాణిఖని బాయిల ఊరుగా మారింది. ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి భూమి లేనివాళ్లు, దొరల గడీల వెట్టి నుంచి తప్పించుకున్నవాళ్లు ఇక్కడికి వలస వచ్చారు. ఈ వలస చరిత్ర మనకు కొంత తెలుసు. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటి రచయితలు కోల్‌బెల్ట్ జీవితాన్ని కథల్లోకి తెచ్చారు. నేను చదివినంత మేరకు ఈ ప్రాంతపు సాహిత్యంలో బాయి చీకటి, బాయి ఉక్క, పైకప్పు కూలే క్షణం కళ్లకు కట్టినట్టు ఉంటాయి. క్వార్టర్‌లోని వంటిల్లు ఎక్కువగా కథ నడుస్తుండగా వెనక ఎక్కడో ఉంటుంది.

ఆడవాళ్లు మొదటి నుంచీ బాయికి బయటివాళ్లేమీ కాదు. భారతదేశపు తొలి బొగ్గు గనుల్లో స్త్రీలు భూగర్భంలో బొగ్గు మోశారు, టబ్బులు నింపారు. బ్రిటిష్ ఇండియాలో 1929 నిబంధనలతో వాళ్లను భూగర్భం నుంచి దశలవారీగా తప్పించడం మొదలై 1939కల్లా పూర్తయింది. రెండో ప్రపంచయుద్ధంలో బొగ్గు అవసరం పెరగగానే 1943లో ఆ నిషేధం ఎత్తేశారు. యుద్ధం ముగిశాక 1946లో మళ్లీ పెట్టారు. నైజాం రాజ్యం చట్టాలు వేరు. కానీ 1952 గనుల చట్టం వచ్చాక 46వ సెక్షన్ సింగరేణితో సహా దేశమంతటా స్త్రీలకు భూగర్భాన్ని మూసేసింది. 2019లో గానీ కొన్ని షరతులతో ఆ తలుపు తెరుచుకోలేదు.

భూగర్భం ఆడవాళ్ల ఒంటికి మంచిది కాదన్నది ఈ నిషేధానికి చెప్పిన కారణాల్లో ఒకటి. సరే, ఆ మాటే నిజమనుకుందాం. బాయి గాలి ఆమెకు మంచిది కాదన్న చట్టం, ఆ బాయి బొగ్గును ఆమె ఇంట్లో కాలిస్తే వచ్చే గాలి గురించి ఎందుకు మాట్లాడలేదు? ఆమెను బాయి నుంచి ఇంటికి పంపారు. బొగ్గు ఆమె వెంటే ఇంటికి వచ్చింది. జీతం, మస్టరు, డాక్టరు, నష్టపరిహారం మాత్రం బాయి దగ్గరే ఆగిపోయాయి.

బొగ్గుల పొయ్యి సంగతి తెలియని పాఠకుల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. పాత ఇనుప బకెట్టుకు లోపల మట్టి మెత్తి, నడుమ ఇనుప చువ్వలు అమర్చి, కింద బూడిద తీయడానికి నోరు కోస్తారు. తొంభైల నడుమ మా ఇంట్లోనూ అలాంటిదే ఉండేది. పొద్దున నాలుగున్నరకు అమ్మ దాన్ని వాకిట్లో పెట్టి కింద పుల్లలు, కిరోసిన్ గుడ్డ వేసి, పైన బొగ్గు పెళ్లలు పేర్చి అంటించేది. వాడలో అన్ని వాకిళ్లలోనూ ఒకే వేళకు అలాగే పొయ్యిలు రాజుకునేవి. పచ్చటి చిక్కటి పొగ నేలబారున కమ్ముకునేది. దగ్గరికి పోతే "పొగ పోనియ్యి బిడ్డా, అటు జరుగు" అనేది. తను మాత్రం జరిగేది కాదు. బొగ్గు ఎర్రబడ్డాక రెండు గుడ్డలతో పొయ్యిని పట్టుకుని లోపలికి తెచ్చేది. వానాకాలంలో ఆ ముందు భాగం కూడా ఇంట్లోనే జరిగేది. చలికాలం రాత్రి మిగిలిన నిప్పులు గదిలోనే వెచ్చగా ఉండేవి.

ఈ పద్ధతిలో ఆడవాళ్ల అనుభవ జ్ఞానం ఉంది. కంటికి కనపడే ప్రమాదాన్ని వాళ్లు బయటే ఆపగలిగారు. బొగ్గు మొదట వేడెక్కినప్పుడు అందులోని ఆవిరయ్యే పదార్థాలు తారుగా, మసిగా, గంధకపు వాయువులుగా బయటికొస్తాయి. క్యాన్సర్ కారకాలని తేలిన బెంజోపైరీన్ వంటివి ఆ తారులోనే ఉంటాయి. పొగ పోయేదాకా ఆగడం వల్ల అందులో చాలా భాగం ఇంటి బయటే ఉండిపోయింది. అయితే నిప్పులు ఎర్రబడ్డాక కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బాయిలో ఈ వాయువును పసిగట్టడానికి ఒకప్పుడు పంజరంలో చిన్న పిట్టల్ని తీసుకుపోయేవారు. మనిషి కన్నా ముందు పిట్ట సోలిపోతే గాలి పాడైందని తెలిసేది. తలుపులు బిడాయించిన ఇంట్లో నిప్పులు పెట్టుకుని పడుకున్నవాళ్లకు అలాంటి హెచ్చరిక ఏదీ లేదు. చలికాలంలో ఉత్తర భారతం నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఇలా నిద్రలోనే పోయిన వార్తలు ఇప్పటికీ వస్తుంటాయి.

పొయ్యితో పాటు ఇంట్లోకి బొగ్గు వచ్చే దారి మరొకటి ఉంది. అది బాయి బట్టలు. బాయి దగ్గరే కార్మికులు స్నానం చేసి బట్టలు మార్చుకునే ఏర్పాటు ఉండాలని బొగ్గు గనుల పిట్‌హెడ్ స్నానశాలల నిబంధనలు 1959లో వచ్చాయి. ఆ ఏర్పాటు లేనిచోట, ఉన్నా వాడకంలో లేనిచోట, బొగ్గు దుమ్ము ఒంటిమీదా బట్టలమీదా ఇంటికి చేరుతుంది. దాన్ని దులిపేది, నానబెట్టేది, బండమీద కొట్టి ఉతికేది ఎవరో చెప్పనక్కర్లేదు.

స్నానశాలల వెనక ఆడవాళ్ల పోరాటం ఉందన్న సంగతి మన కార్మికోద్యమ చరిత్రల్లో అరుదుగా వినిపిస్తుంది. 1919లో బ్రిటన్ బొగ్గు పరిశ్రమపై సాంకీ కమిషన్ విచారణ జరిపినప్పుడు ముగ్గురు గని కార్మికుల భార్యలు సాక్ష్యం చెప్పడానికి వెళ్లారు. వాళ్లలో ఒకరు సౌత్ వేల్స్‌కు చెందిన ఎలిజబెత్ ఆండ్రూస్. షిఫ్టుకొకసారి నీళ్లు కాచి, బరువైన తొట్లు ఎత్తి దించే ఆడవాళ్ల ఒళ్లు ఏమవుతున్నదో, గర్భాలు ఎలా పోతున్నాయో వాళ్లు కమిషన్ ముందు పెట్టారు. బాయి దగ్గరే స్నానశాలలు కట్టమని అడిగారు. 1926లో బ్రిటన్‌లో బొగ్గు రాయల్టీలపై పన్ను వేసి ఆ డబ్బును స్నానశాలలకు కేటాయించారు. ఇంట్లోకి వస్తున్న దుమ్ముకు మూలం బాయే కాబట్టి దాని బాధ్యత కూడా బాయిదేనని ఆ స్త్రీలు వాదించారు. ఇంకా శుభ్రంగా ఉండమని తమకు తాము చెప్పుకోలేదు.

పొగలేని వంటిల్లు అన్న ఆలోచన మనకు పరాయిది కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనా ప్రయోగశాలలో ఎస్.పి. రాజు మట్టితో కట్టే పొగలేని పొయ్యిని రూపొందించారు. ఒకే మంటమీద రెండు మూడు గిన్నెలు పెట్టుకునే వీలు, పొగ బయటికి పోయే గొట్టం అందులో ఉన్నాయి. లక్షలాది ఇళ్లకు పొగలేని వంటిళ్లు కావాలంటూ ఆయన 1953లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే ప్రచురించారు. అదే నగరంలో రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీ శాస్త్రవేత్తలు సింగరేణి బొగ్గును తక్కువ వేడిమీద కాల్చి, పొగరాని గృహ ఇంధనంగా మార్చే పరిశోధనలు చేశారు. మంచిర్యాల పక్కన నస్పూర్‌లో కోల్ కెమికల్ కాంప్లెక్స్ వెలిసింది. ఆ కర్మాగారం మూతపడింది. కానీ ఊరికి పేరు మిగిలిపోయింది. ఇవాళ "సీసీసీ దగ్గర దిగుతాం" అని బస్సు కండక్టరుకు చెప్పేవాళ్లలో ఆ మూడు అక్షరాలేమిటో ఆలోచించేవాళ్లు ఎందరు?

1983 చివర్లో కేంద్రప్రభుత్వం మెరుగుపరచిన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి 2002 దాకా నడిపింది. దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచినట్టు లెక్కలున్నాయి. వాటిలో చాలా పొయ్యిలు పగిలిపోయి, గొట్టాలు పూడిపోయి వాడకంలో లేకుండా పోయాయి. ఆడవాళ్లు మార్పుకు ఒప్పుకోరని అప్పుడు నింద వేశారు. గిన్నె ఎంత వెడల్పు, జొన్నరొట్టెకు మంట ఎట్లా కావాలి, గొట్టంలోని మసి ఎవరు ఎప్పుడు దులుపుతారు అన్న ప్రశ్నలు ముందే ఆమెను అడిగి ఉంటే ఫలితం వేరుగా ఉండేదేమో. ఆమె లబ్ధిదారు మాత్రమే అయింది. ఇంజనీరు ఎదుట కూర్చుని పొయ్యి గురించి చెప్పగల నిపుణురాలు కాలేకపోయింది.

ఈలోగా శాస్త్రం కొన్ని విషయాలు తేల్చింది. చైనా యున్నాన్ రాష్ట్రంలోని షువాన్‌వెయ్ ప్రాంతంలో పొగతాగే అలవాటు దాదాపు లేని స్త్రీలలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆ దేశంలోకెల్లా ఎక్కువగా కనిపించింది. ఇంట్లో, గొట్టం లేని గుంటపొయ్యిల్లో పొగబొగ్గు కాల్చడమే దానికి మూలమని 1987లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. అక్కడ పొయ్యిలకు గొట్టాలు అమర్చుకున్న కుటుంబాల్లో ఆ ముప్పు సుమారు సగానికి తగ్గినట్టు, ఇరవై వేలమందికి పైగా రైతులను ఏళ్ల తరబడి గమనించిన మరో అధ్యయనం 2002లో తేల్చింది. షువాన్‌వెయ్ బొగ్గు వేరు, సింగరేణి బొగ్గు వేరు. అక్కడి అంకెల్ని తెచ్చి ఇక్కడ అతికించలేం. కానీ ఒక గొట్టం ఎన్ని ప్రాణాలు కాపాడగలదో అది చెబుతుంది. ఇంట్లో బొగ్గు కాల్చినప్పుడు వచ్చే పొగ మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ నిపుణులు 2006లో నిర్ధారించారు. శుద్ధిచేయని బొగ్గును ఇంట్లో వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో స్పష్టంగా చెప్పింది.

మనకు మరింత దగ్గరి లెక్క కూడా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని వరంగల్, నిజామాబాద్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో నాలుగు వందలకు పైగా ఇళ్లల్లో గాలిని కొలిచి కల్పనా బాలకృష్ణన్, ఆమె సహచరులు 2004లో ఫలితాలు ప్రచురించారు. కట్టెలు, పిడకల వంటివి వాడే ఇళ్లల్లో పీల్చే గాలిలోని సన్నటి ధూళి ఘనపు మీటరుకు సగటున 732 మైక్రోగ్రాముల దాకా ఉంటే, గ్యాస్ వాడే ఇళ్లల్లో 73 దగ్గర ఉంది. అందరికన్నా ఎక్కువ పీల్చింది వంటచేసే స్త్రీలు, వాళ్లలోనూ 15 నుంచి 40 ఏళ్లలోపు వాళ్లు. మగవాళ్లలో ఎక్కువ పీల్చినవాళ్లు 65 దాటిన ముసలివాళ్లు. ఈ చివరి సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బయటి పని ఆగిపోయి ఇల్లు పట్టినప్పుడు మగవాడు కూడా ఆడవాళ్ల గాలే పీలుస్తాడు. కాబట్టి ఇది ఆడ ఒంటి సున్నితత్వానికి సంబంధించింది కాదు. ఎవరు ఎక్కడ, ఎంతసేపు ఉండాలని సమాజం నిర్ణయించిందో దానికి సంబంధించింది.

కొన్నేళ్ల క్రితం అమ్మకు ఆయాసం పెరిగినప్పుడు ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. అదే గదిలో నాన్న వయసు పెద్దాయన ఒకరు ముందు వరుసలో ఉన్నారు. ఏ బాయి, ఎన్నేళ్లు ఫిల్లర్‌గా చేశారు, కోల్‌కటింగా, హాలేజా అని ఆయన్ని వివరంగా అడిగారు. అడగాల్సిన ప్రశ్నలే అవి. గని కార్మికుల న్యుమోకోనియోసిస్ చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి, దానికి నష్టపరిహారం ఉంది. అమ్మ వంతు వచ్చినప్పుడు వృత్తి అన్నచోట "గృహిణి" అని రాసుకున్నారు. బీడీ, చుట్ట అలవాటుందా అని అడిగారు. లేదంది. ఏ పొయ్యిమీద ఎన్నేళ్లు వండావని ఎవరూ అడగలేదు. నేను లెక్కవేశాను. రోజుకు నాలుగు గంటల చొప్పున ఇరవై రెండేళ్లు. ఎనిమిది గంటల షిఫ్టు లెక్కన, సెలవు లేకుండా, పదకొండేళ్ల మస్టర్లు. అమ్మ ఆయాసానికి పొయ్యే కారణమని తీర్పు చెప్పడానికి నేను డాక్టర్ని కాను. ఆ ప్రశ్నే లేని కాగితం మీద ఆ జవాబు ఎన్నటికీ రాదని మాత్రం చెప్పగలను.

గ్యాస్ వచ్చి చాలా మార్చింది. 1999లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం డ్వాక్రా మహిళలకు దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో 500 రూపాయల సిలిండర్ పథకం ప్రారంభించింది. పర్మనెంటు ఉద్యోగుల క్వార్టర్లలో బొగ్గుల పొయ్యి దాదాపు జ్ఞాపకంగా మారింది. అయితే సింగరేణి కూడా మారింది. 1990ల తొలినాళ్లలో లక్ష దాటిన పర్మనెంటు ఉద్యోగులు ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కలకు తగ్గారు. కాంట్రాక్టు కార్మికులు పెరిగారు. సిలిండరు అయిపోయి చేతిలో డబ్బు లేని వారం వాళ్ల ఇళ్లల్లో మళ్లీ కట్టెలో, ఏరుకొచ్చిన బొగ్గో వెలుగుతుంది. కనెక్షన్ ఉన్నంత మాత్రాన పొగ పోయినట్టు కాదు. మరోపక్క భూగర్భ బాయిల చోట ఓపెన్‌కాస్టులు వచ్చాయి. దుమ్ము ఇప్పుడు బట్టలమీద రాదు, కిటికీలోంచే వస్తుంది. దుమ్ముకు కిటికీలు మూస్తే వంట ఆవిరి, తాలింపు పొగ లోపలే తిరుగుతాయి. రాత్రి దోమలకు కాయిల్ వెలిగిస్తారు. ఒక కాయిల్ మొత్తం కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని, చైనా, మలేసియా కాయిల్స్‌ను పరీక్షించినవాళ్లు 2003లోనే చెప్పారు.

చేయదగినవి ఉన్నాయి. గ్యాసైనా సరే పొయ్యి మీద గాలి బయటికి లాగే ఫ్యాను, లేదా ఎదురెదురుగా రెండు కిటికీలు ఉండాలి. పొయ్యి అంటించడానికి ప్లాస్టిక్ కవర్లు వాడకూడదు. పప్పు ముందే నానబెట్టి, మూతపెట్టి వండితే మంట కాలం తగ్గుతుంది. నిప్పులున్న పొయ్యిని పడుకునే గదిలో ఉంచకూడదు. కాయిల్ బదులు దోమతెర మేలు. దుమ్మును పొడి చీపురుతో లేపే కన్నా తడిగుడ్డతో తుడవాలి. బాయి బట్టలు దులపకుండా నేరుగా నీళ్లలో వేయాలి.

ఈ జాబితా మళ్లీ ఒకసారి చదవండి. ఇందులో ప్రతి పనీ ఎవరిమీద పడుతుంది? నానబెట్టడం, తుడవడం, తెర కట్టడం, నీళ్లు తేవడం. గాలి బాగుచేసే బాధ్యత కూడా ఆమె చాకిరీకి ఇంకో గంట కలుపుతుంది. చేయకపోతే ఇల్లు శుభ్రంగా ఉంచుకోని ఆడదన్న మాట పడుతుంది. విమల 'వంటిల్లు' కవిత వంటిళ్లను కూల్చేద్దామనే దాకా వెళ్లినప్పుడు అది అతి అన్నవాళ్లున్నారు. అప్పట్లో ఆ కోపంలో నేను చాకిరీని మాత్రమే చదివాను. ఇప్పుడు అందులో మసిబారిన గోడ కూడా కనిపిస్తుంది.

మన ప్రాంతంలో కార్మిక సంఘాలు బాయి గాలి కోసం, బాయి రక్షణ కోసం పోరాడి చాలా సాధించాయి. ఆ పోరాటాల్లో ఆడవాళ్లు వంటావార్పు చేసి రోడ్లమీద కూర్చున్నారు. ఆ వంట పొగ గురించి కూడా డిమాండ్ల పత్రంలో ఒక వాక్యం ఉండాలి. క్వార్టర్ కట్టేటప్పుడు వంటింటికి రెండువైపులా కిటికీ, పొగ పోయే దారి ఉండాలని అడగాలి. ఓపెన్‌కాస్టు దుమ్మును ఇంటి లోపల కూడా కొలవాలని, ఆ కొలతలు వాడలో అందరికీ కనపడేలా పెట్టాలని అడగాలి. కాంట్రాక్టు కార్మికుని ఇంటికీ గ్యాస్ ఖర్చు అందాలి. ఆయాసంతో వచ్చిన ప్రతి స్త్రీ కాగితం మీద ఏ పొయ్యి, ఎన్నేళ్లు, ఎన్ని గంటలు అన్న మూడు గడులు ఉండాలి. ఆ గడులు నింపడం మొదలైన రోజున సింగరేణి కార్మిక చరిత్రలో మనకింకా తెలియని సగం రాయడం మొదలవుతుంది.